సబ్బు డబ్బాలో చెవి

మా అపార్ట్‌మెంట్ కింది హాల్లో పోయిన ఆదివారం పిల్లల కోసం ఎలక్ట్రానిక్స్ మేళా పెట్టారు. తలా ఒక ప్లాస్టిక్ పెట్టె ఇచ్చారు. ఏ వైరు ఏ రంధ్రంలో గుచ్చాలో బొమ్మలతో సహా అందులోనే ఉంది. గుచ్చితే దీపం వెలుగుతుంది, పీకితే ఆరిపోతుంది. చెయ్యి కాలదు, ఫ్యూజు పోదు, పక్కింటివాళ్లు తిట్టరు. ఇదీ ఒక సరదానేనా అని మూలన కుర్చీలో కూర్చుని గొణుక్కుంటున్నాను. అంతలో మేళా పెట్టినాయన ఊడిపోయిన తీగ ఏదో అతికించడానికి సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాడు. సన్నగా పొగ లేచింది. ఆ వాసన తగలగానే నేనిక హైదరాబాదులో లేను. గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక రేకుల షెడ్డు కింద, కరిగే సీసం చుక్క వంక ఊపిరి బిగబట్టి చూస్తున్న తొమ్మిదో తరగతి పిల్లనైపోయాను.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. క్వార్టర్ లేదు. అసలు మా క్వార్టర్ల లైనే లేదు. ఓపెన్ కాస్టు గని ఏటికేడు పెరుగుతూ వచ్చింది, ఇళ్లు ఖాళీ చేశారు, ఇప్పుడక్కడ పెద్ద గొయ్యి, దాని అవతల మట్టిగుట్ట. మా తమ్ముడు ఓసారి పోయి చూసొచ్చాడు. "మన వంటిల్లు ఎక్కడుండెనో గుర్తువట్టలేకపోయిన అక్కా" అన్నాడు ఫోన్లో. ఎప్పుడూ ఎగతాళి తప్ప ఎరగని వెధవ, ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు.

ఆ రోజుల్లో కరెంటు బిల్లంటే ఏమిటో మాకు తెలియదు. కంపెనీ కరెంటు, కంపెనీ నీళ్లు, కంపెనీ బొగ్గు. పొద్దుగూకితే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవారు. ఆ పొగ లైనంతా కమ్ముకునేది. అందులోంచే ఎవరింట్లో చేపల పులుసో, ఎవరింట్లో ఉట్టి పప్పో వాసన పట్టి చెప్పేవాళ్లం. ఆరేసిన తెల్ల చొక్కా మీద నల్ల నుసి పడితే దులిపి తొడుక్కునేవాళ్లమే గాని ఎవరూ దాన్ని మురికి అనేవారు కాదు.

మా గడియారం బాయి సైరన్. అక్కడ బొగ్గుగనిని బాయి అనే అంటారు. షిఫ్టు మారినప్పుడల్లా అది కూస్తుంది, లైను కదులుతుంది. రాత్రి షిఫ్టు చేసినవాళ్లు పగలు పడుకుంటారు కదా, ఏ ఇంట్లో ఎవరు పడుకున్నారో లైనంతటికీ తెలిసి ఉండేది. ఆ ఇంటి దగ్గర బిందె చప్పుడు కాకూడదు. కారం దంచడం, మిక్సీ తిప్పడం, పిల్లల గోలీలాట అన్నీ బంద్. మా బాపుది నైట్ షిఫ్టు వారమైతే పక్కింటి ముసలవ్వ, మామూలుగా నోరు తెరిస్తే చౌరస్తా దాకా వినపడే మనిషి, తోపుడుబండివాడితో వంకాయలు సైగలతో బేరం చేసేది. వాడూ సైగలతోనే గొడవపడేవాడు. చూసి చూసి మాకు పొట్ట చెక్కలయ్యేది, కానీ నవ్వడం కూడా నిషేధమే.

మగవాళ్లు మేలుకున్నప్పుడు మాత్రం ఆ లెక్కంతా తిరగబడేది. డ్రిల్లు మోత, మందు పేల్చిన మోత విని వచ్చిన చెవులాయె. అందరూ అరిచే మాట్లాడేవారు. టీవీలు పూర్తి సౌండులో మోగేవి. అందుకని మా అమ్మ బాపుతో అరిచి మాట్లాడితే మాకేం వింతనిపించలేదు. నాన్నలంటే అరిస్తేనే వినపడే మనుషులని అనుకునేదాన్ని. చుట్టూ అందరూ అట్లాగే ఉంటే ఇంకేం అనుకుంటాను!

వైర్ల పిచ్చి మాకు అంటించింది కాకినాడ ఆంటీ. ఆమె భర్త కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. రోడ్డు అవతల పెద్ద క్వార్టర్లలో ఉండేవారు. మా లైనులో ఐటీఐ చదివే అన్న ఒకడుండేవాడు, ఇళ్లల్లో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఓరోజు ఆంటీ ఇంటికి మిక్సీ బాగుచేయడానికని పోయి, కళ్లు ఇంతలు చేసుకుని తిరిగొచ్చాడు.

"నేను పొయ్యేసరికే బాగు చేసుకున్నదే! టేప్‌రికార్డర్ మొత్తం ఇప్పి బల్ల మీద పరిసి కూసున్నది. నన్ను జూసి, 'బాబూ, మీటరుందా నీ దగ్గర' అన్నది. నాకు చెమటలు వట్టినయి."

ఆమె డిగ్రీలో ఫిజిక్స్ చదివిందట. పెళ్లయి ఇంత దూరం వచ్చాక ఊసుపోక అల్లికలు మొదలుపెట్టి, అవి నచ్చక, రేడియోలు విప్పడం మొదలుపెట్టిందట. అట్లా మా ఆదివారాలు మొదలయ్యాయి. ఒక్కో వారం ఒక్కొక్కరింట్లో చేరేవాళ్లం. చచ్చిన రేడియోలు, నోరు పడిపోయిన టేప్‌రికార్డర్లు, పాత ఇనుప సామాను కొట్లో ఏరుకొచ్చిన బోర్డులు మధ్యలో కుప్ప పోసి చుట్టూ కూర్చునేవాళ్లం. లైను ఆడవాళ్లు దానికి 'వైర్ల అంగడి' అని పేరు పెట్టారు. మా సోల్డరింగ్ ఐరన్‌కు ప్లగ్గు కూడా ఉండేది కాదు. తీగలు రెండూ సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు బిగించడమే.

ఆంటీ పద్ధతి ఆంటీది. దేన్నీ ఊరికే విప్పనిచ్చేది కాదు. "ముందు చెప్పు, దీనికి ఏమై ఉంటుందంటావు? తప్పయినా ఫర్వాలేదు, చెప్పి అప్పుడు విప్పు" అనేది. నేను ఎప్పుడూ "బ్యాటరీ" అనేదాన్ని, తమ్ముడు ఎప్పుడూ "బొద్దింక" అనేవాడు. అయ్యో రామ, చాలాసార్లు వాడిదే నిజమయ్యేది. ఆమె పులిహోర తెచ్చేది. మా అమ్మ సర్వపిండి చేసేది, బబ్బెర గుడాలు ఉడకబెట్టేది. గిన్నె అడుగుకు అంటించి కాల్చిన సర్వపిండిని ఆంటీ మొదటిసారి తిని, "దీని కోసమైనా ప్రతి వారం వచ్చేస్తానమ్మా" అంది. మా అమ్మ ఆ మాట లైనులో కనీసం నెలపాటు చెప్పుకుంది.

మేం చేసినవాటిలో పేరు తెచ్చింది నల్లా అలారం. మాకు నల్లా ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నల్లా కింద డబ్బాలో రెండు తీగలు వేలాడదీస్తే, నీళ్లు తగలగానే 'కుయ్ కుయ్' మని మోగేది. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత మా తమ్ముడు చెంబెడు నీళ్లు డబ్బాలో పోసి, లైనులో ఆడవాళ్లందరినీ బిందెలతో ఉరికించాడు. ముసలవ్వ చీపురు తిరగేసి వాణ్ని సందు చివరిదాకా తరిమింది.

ఇక ఆ ఎండాకాలం సంగతి.

ఆ ఆదివారం అంగడి మా ఇంటి వంతు. బాపు శనివారం రాత్రి డ్యూటీ చేసి వచ్చి వెనక గదిలో పడుకున్నాడు. వద్దులే, వేరేచోట పెట్టుకుందాం అంటే అమ్మే, "చప్పుడు చెయ్యకుంట చేసుకోండ్రి" అంది. షెడ్డు కింద అందరం గుసగుసలాడుతూ పనిచేస్తున్నాం. ఐటీఐ అన్న వచ్చే వినాయక చవితి మండపం కోసమని అప్పట్నుంచే సైరన్ సర్క్యూట్ ఒకటి చేసి తెచ్చాడు. మండపంవాళ్ల దగ్గర్నుంచి హారన్ స్పీకరు, ఆంప్లిఫయరు అడుక్కొచ్చి కిటికీ పక్కన పెట్టాడు. సాయంత్రం మైదానంలో మోగించి చూద్దామని ఆయన ఉద్దేశం. మా తమ్ముడికి సాయంత్రం దాకా ఆగే ఓపిక ఎక్కడిది! తీగ తగిలించాడు.

అమ్మో, అది కూత కాదు. షెడ్డు రేకులు అదిరాయి. బాయి సైరన్ కంటే నాలుగింతలు గట్టిగా, మా ఇంట్లోంచే!

వేళ కాని వేళ సైరన్ కూస్తే మాకు ఒక్కటే అర్థం. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. పిండి చేతులతో, తడి జుట్టుతో ఆడవాళ్లు బయటికి ఉరికొచ్చారు. ముసలవ్వ చెప్పుల్లేకుండా ఎర్రటి ఎండలో నిలబడి, "బాయిల ఏమైందే? ఎవలికేమైందే?" అని కేకలు పెట్టింది. ఆమె ఇద్దరు కొడుకులూ ఆదివారం డ్యూటీలో ఉన్నారు. అన్న ఎట్లాగో తీగ పీకేశాడు. అది మా నిర్వాకమని తెలిశాక చూడాలి తిట్లు! "సదువుకున్నోళ్లట, వైర్లట! ఆ మనిషి రాత్రంత కష్టపడి వచ్చి పండుకుంటే, మీకు బుద్ధుందా?"

అప్పుడు అందరం మా ఇంటి తలుపు వైపు చూశాం. బాపు ఇప్పుడు బెల్టు పట్టుకుని వస్తాడు. రాలేదు. ఇప్పుడొస్తాడు. రాలేదు.

నేను లోపలికి పోయాను. ఫ్యాను కింద, చెయ్యి ఛాతీ మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. హారన్ పెట్టిన కిటికీ ఆయన తల దగ్గరిదే. చెప్పడానికి నోరు రావడం లేదు గాని, ప్రాణం ఉందో లేదో అనుకున్నాను. పోయి పాదం ముట్టుకున్నాను. ముట్టుకోగానే కళ్లు తెరిచి నవ్వాడు.

"ఏం బిడ్డా, అయిపోయిందా మీ అంగడి?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ, అమ్మ వెనక ఆంటీ. అమ్మ అందరికీ వినపడేట్టు, "జరమొస్తే గోళీ ఏసుకున్నడు, మత్తుల ఉన్నడు" అంది. ఆంటీ అమ్మ ముఖంలోకి ఒకసారి చూసింది. వైర్లు చుట్టి సంచిలో వేసుకుని పోయింది.

సాయంత్రం పొయ్యి దగ్గర అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బాపుకు చెవులు పోతున్నాయట. చాలా కాలంగా. ఎదురుగా నిలబడి అరిస్తే పెదాలు చూసి తెలుసుకుంటాడట. పడుకుంటే లోకమే లేదట. మరి లైనంతా బాపు నిద్ర కోసం కాళ్ల చప్పుడు లేకుండా నడుస్తుంటే అమ్మ ఎన్నడూ వద్దనలేదేం? వద్దంటే తెలిసిపోతుంది కదా.

"తెలిస్తే ఏమైతదమ్మా?"

"బాపు చేసేది ఏం పనో ఎరుకనా నీకు?"

నాకు అంత వివరంగా తెలియదు. అమ్మ చెప్పింది. బాయిలో మందు పేల్చి బొగ్గు రాల్చాక ముందుగా లోపలికి పోయేది బాపే. గడ్డపారతో పైకప్పును కొట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టి కప్పు. డొల్లగా మోగితే కూలే కప్పు. విని, రాల్చాల్సింది రాల్చి, ఆసరాకు కర్ర దిమ్మెలు నిలబెట్టి, "మంచిగుంది, రాండ్రి" అంటేనే మిగతావాళ్లు దాని కిందికి వస్తారు. కప్పు మాట వినడంలో బాపు అంత మనిషి లేడని బాయిలో పేరట.

"మరి ఇప్పుడు ఎట్ల ఇంటున్నడే?"

"ఎక్కడింటున్నడు? బాపు కొడ్తడు, ఆయన జోడిగ పనిచేసే ముసలి కాక ఇంటడు. ఇని, తలకాయ ఊపుతడు. నెత్తికి బత్తి ఉంటది గద, అది ఊగింది జూసి బాపు చెప్తడు. వాళ్లిద్దరికి తప్ప ఎవలికి తెల్వది." పొయ్యిలో బొగ్గులు ఊరికే కదిపింది. "ఆ కాక వచ్చే నెల రిటైర్ అయితుండు."

చెబితే పైకి తెచ్చి సర్ఫేస్ పనిలో వేస్తారు. జీతం తగ్గుతుంది, పేరు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో అమ్మ అనలేదు. "డ్యూటీకి పొయ్యి మల్లొచ్చేదాంక నా పానం పానంల ఉండది బిడ్డా" అని మాత్రం అంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, నా చెవి మెలేసి మరీ చెప్పింది: "ఆ ఆంటీ ఇంటికి పొయ్యేది లేదిగ. ఆమె మంచిదే. ఆమె మొగడు ఆఫీసరు."

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారేసరికి మాత్రం నిశ్చయం చేసుకున్నాను. చెవే కదా పోయింది, చెవిని చేసేస్తే సరి! రేడియోకు నోరు తెప్పించినవాళ్లం, మనిషికి చెవి తెప్పించలేమా? కాక రిటైరయ్యేలోపు బాపు చెవికి పెట్టేయాలి. అంతే. ఎంత పొగరండీ ఆ వయసుకు! ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది.

పాత టేప్‌రికార్డర్‌లోంచి శనగగింజంత మైకు పీకాను. రెండు ట్రాన్సిస్టర్లు, పాత వాక్‌మన్ ఇయర్‌ఫోను. పెట్టెగా బాపు సబ్బు డబ్బా. ఐటీఐ అన్నకు అసలు సంగతి చెప్పకుండా, దూరం మాటలు వినే మిషన్ చేద్దామన్నాను. ఆయన ఎగిరి గంతేశాడు. చేసి, మొదట మేం విన్నదేమిటంటే గోడ అవతల ముసలవ్వ మా గురించి చెప్పుకునే చాడీలు. "ఆ పోరి లగ్గమైతే మొగన్ని గూడ ఇప్పి బిగిస్తది" అంటోంది. అన్న నవ్వాపుకోలేక నోట్లో టవల్ కుక్కుకున్నాడు.

కానీ చెవిలో పెట్టుకుంటే చాలు, ఈల వేసేది. మామూలు ఈల కాదు, పుర్రె పగిలే ఈల. తీగలు మార్చాం, ట్రాన్సిస్టర్ మార్చాం, అన్న దేవుడికి కొబ్బరికాయ మొక్కాడు. ఈల మానలేదు. తెలిసిన మనిషి రోడ్డు అవతలే ఉంది, అడగడానికి లేదు. నాకు ఏడుపొచ్చేది. కాక రిటైర్మెంటు దావత్‌కు మేక మాట్లాడారని బాపు చెప్పిన రోజు నిజంగానే ఏడ్చాను.

మర్నాడు ఆంటీ తనే వచ్చింది. చేతిలో పులిహోర గిన్నె. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రెండు వారాల్నుంచీ పిల్ల రావట్లేదేంటి వదినగారూ?"

"ఎండలు గదమ్మా."

ఆంటీ గొంతు తగ్గించింది. "ఆ రోజు నేను చూశానండీ. మా నాన్నగారికీ అంతే. రైసు మిల్లులో పనిచేసేవారు. కాలు ముట్టుకుంటే తప్ప లేచేవారు కాదు. మీరేం చెప్పక్కర్లేదు."

అమ్మ ముఖం తెల్లబోయింది. "మీ సారు ఆఫీసరు గదమ్మా..."

"మా ఆయనకి ఇంట్లో మిక్సీ ఎలా బాగయిందో కూడా తెలీదు. ఇది చెప్తానా?"

అమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

ఆంటీ సబ్బు డబ్బా తిప్పి చూసింది. నన్ను చూసి, "ముందు చెప్పు, దీనికి ఏమై ఉంటుందంటావు?" అంది. నాకు ఒళ్లు మండింది, "తెలిస్తే నేనే చేస్తును గదా!" అని అరిచాను. ఆమె నవ్వేసింది. చెవిలోంచి బయటికొచ్చే శబ్దమే మళ్లీ మైకులోకి పోతోందట, అది మళ్లీ చెవికే వస్తోందట. మైకు చొక్కా జేబులో, ఇయర్‌ఫోను చెవిలో, మధ్య పొడుగు తీగ. చెవి చుట్టూ మెత్తటి గుడ్డ. శబ్దం పెంచి తగ్గించడానికి ఒక బొత్తాం. సాయంత్రానికల్లా ఈల ఆగిపోయింది. ఆమెకు బాపు పనేమిటో మేం చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆదివారం పొద్దున బాపు గడ్డం గీసుకుని మంచం మీద కూర్చున్నాడు. డబ్బా జేబులో వేసి, తీగ చెవిలో పెట్టి, బొత్తాం మెల్లగా తిప్పాను. ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు.

"ఏందది?"

"ఫ్యాను బాపు."

"ఫ్యానుకు గింత చప్పుడుంటదా?"

ఇక చూడండి సంబరం! గిన్నెల చప్పుడు, పోపు చిటపట, తమ్ముడు గుడాలు నమిలే చప్పుడు. "అరేయ్, గిట్ల తింటవారా నువ్వు, బర్రె తిన్నట్టు!" అన్నాడు. వాకిట్లోకి పోయి పిచ్చుకల్ని విన్నాడు. అప్పుడు వంటింట్లోంచి అమ్మ, అలవాటు కొద్దీ గట్టిగా, "ఇనవడ్తున్నదా?" అని అరిచింది. బాపు ముఖంలో నవ్వు నిలిచిపోయింది.

"నీ గొంతేందే, గట్లయిపోయింది?" అన్నాడు. "బొంగురు వోయింది. మంచిగుండె గద నీ గొంతు."

ఏళ్ల తరబడి అరిచిన గొంతు మరి. గుమ్మం దాకా వచ్చిన అమ్మ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

బాపు షెడ్డులో మూలనున్న గడ్డపార తీసుకున్నాడు. నీళ్ల డ్రమ్ములు రెండుంటే, నిండు డ్రమ్మును కొట్టాడు, ఖాళీ డ్రమ్మును కొట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు. గోడను కొట్టాడు, బండను కొట్టాడు. బాయిలో ఎట్లా కొడతాడో నేను మొదటిసారి చూస్తున్నాను. ఎంత ముద్దుగా కొట్టాడో చెప్పలేను, నిద్రపోయే పిల్లను లేపినట్టు. తర్వాత చెవిలోంచి తీగ తీసేశాడు. మళ్లీ నిండు డ్రమ్ము. మళ్లీ ఖాళీ డ్రమ్ము. మళ్లీ నిండుది. కొడుతూనే ఉన్నాడు. గడ్డపార కింద పెట్టి బండ మీద కూలబడ్డాడు.

"రెండు ఒక్కతీరే ఉన్నయి" అన్నాడు.

నేను ఆయన ముందు కూర్చుని, పెదాలు కనపడేట్టు, ఉత్సాహంగా చెప్పాను. "ఇగ ఫికర్ లేదు బాపు! ఆ కాక రిటైరైతే అయితడు. రేపట్నుంచి గిది పెట్టుకొని పో. నువ్వే ఇనొచ్చు."

ఆయన నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"బాయిలకు గిది కొంచవోనియ్యరు బిడ్డా. కంపెనీ బత్తి తప్ప బ్యాటరీ ఉన్నదేది పోనియ్యరు. లోపట గ్యాసు ఉంటది, రవ్వ లేస్తే అందరు పోతరు. అగ్గిపెట్టెనే గేటు కాడ గుంజుకుంటరు."

ప్రతి డ్యూటీకి ముందు బాపు జేబు తడిమి అగ్గిపెట్టె తీసి గూట్లో పెట్టేది నేనే. నేను మరిచిపోతే అమ్మ. బాయి నీళ్లు తాగి పెరిగినదాన్ని, మా లైనులో పాకే పిల్లకు కూడా తెలిసిన సంగతి, నాకు తట్టనేలేదు. అమ్మకూ తట్టలేదు. ఇంట్లో, వాకిట్లో, బజార్లో, అంతటా పనికొచ్చే చెవిని చేశాను. ఎక్కడ కావాలో అక్కడ తప్ప. డబ్బా ఆయన జేబులోంచి లాక్కుని నేలకు కొట్టబోయాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పలగ్గొట్టకు. గిది లేకుంటె నాకు తెల్వకపోవు."

"ఏంది తెల్వకపోవు?"

"ఎంత ఇనవడ్తలేదో." డబ్బా మళ్లీ జేబులో వేసుకుని, "జర తక్కువింటున్న, అంతే అనుకున్న గని, గింతగనం లేదనుకోలే. కాక తలకాయ ఊపుడు జూసి నేను మంచిగుంది అంటున్న. నా మాట మీద అంతమంది కప్పు కిందికొస్తున్నరు. ముసలవ్వ కొడుకులిద్దరు ఇప్పుడు మా షిఫ్టుకే వచ్చిండ్రు" అన్నాడు.

సోమవారం ఆయన డ్యూటీ బట్టలు వేసుకోలేదు. తెల్ల చొక్కా వేసుకుని మేనేజరు దగ్గరికి పోయాడు. కాక దావత్‌కు ఇంకా వారం ఉంది.

తర్వాత కొన్నాళ్లు దవాఖాన చుట్టూ తిప్పారు. చివరికి సర్ఫేస్ పని ఇచ్చారు, బత్తులు చార్జింగు పెట్టే గదిలో. జీతం తగ్గింది, అమ్మ కుట్టుమిషన్ పెట్టుకుంది, సెలవులకు వెళ్లాల్సిన ఊళ్లు మానుకున్నాం. బాయిలో తనను గురువన్నవాళ్లే ఇప్పుడు బత్తి కోసం కిటికీలోంచి చెయ్యి చాపుతుంటే బాపుకు ఎట్లా ఉండేదో ఆయన ఎన్నడూ చెప్పలేదు. కొన్నాళ్లకు ఆంటీవాళ్లకు బదిలీ అయింది. అన్న ఎక్కడో ఉద్యోగంలో చేరాడు. సెల్‌ఫోన్లు వచ్చాయి, వాటిని విప్పడం మా వల్ల కాలేదు, అంగడి దానంతట అదే ఆగిపోయింది. బాపుకు మంచి మిషన్, చెవి వెనక కనపడీ కనపడకుండా ఉండేది, చాలా ఏళ్ల తర్వాత నేనే కొనిచ్చాను.

అవన్నీ పోయాయని నాకు బెంగే. ఆ పొగ, ఆ అరుపులు, సర్వపిండి తింటూ గుసగుసలాడే ఆదివారాలు. కానీ అన్నిటికంటే ఎక్కువ తలపుకొచ్చేది బాపు మేనేజరు దగ్గరికి పోయొచ్చిన సోమవారం సాయంత్రం. అమ్మ గుమ్మం ముందు బొగ్గుల పొయ్యి రాజేస్తోంది. బాపు వచ్చి తెల్ల చొక్కాతోనే పీట వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. జేబులోంచి తీగ తీసి చెవిలో పెట్టుకున్నాడు. అమ్మ నోరు తెరిచింది, అరవబోయి ఆగింది. ఆయన వైపు కొంచెం వంగి ఏదో అంది. ఆయన తల ఊపి ఏదో అన్నాడు. ఆమె మళ్లీ ఏదో అంది.

నేనూ తమ్ముడూ తలుపు వెనక నిలబడి ఉన్నాం. అప్పటిదాకా మా అమ్మానాన్నలు ఏం మాట్లాడుకున్నా మాకే కాదు, లైనంతటికీ వినపడేది. కష్టమైనా సుఖమైనా, కోపమైనా ప్రేమైనా, అరిస్తే తప్ప వాళ్లకు మాట లేదు.

"ఏమంటున్నదే అమ్మ?" అన్నాడు తమ్ముడు.

"ఇనవడ్తలేదు" అన్నాను.

వాడు ఇంకా దగ్గరికి పోబోతుంటే చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చాను. వాళ్లిద్దరూ అక్కడ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.